ఆవిడది కాని చెంచా

మా ఊళ్ళో ఆ ఎగ్జిబిషన్ పెట్టిన కమిటీలో మేం ఏడుగురం ఉండేవాళ్ళం. ఏడుగురిలో ఒక్కరికైనా ఆకలంటే ఏమిటో తెలియదు. నాకూ తెలియదు. మీటింగు పన్నెండున్నర దాటితే శాండ్‌విచ్‌లు తెప్పించుకునేవాళ్ళం. ఎనభై ఏళ్ళ కిందట నాజీల కాన్సంట్రేషన్ క్యాంపుల్లోంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్ళు ఇన్నాళ్ళూ దాచుకున్న వస్తువుల్లో దేన్ని చూస్తే జనానికి ఎక్కువ ఏడుపొస్తుందో ఆ శాండ్‌విచ్‌లు తింటూ చర్చించుకునేవాళ్ళం.

నేను గొప్ప ఆశయంతో అందులోకి వెళ్ళలేదు. నార్త్ కరోలినాలోని క్యారీకి మేం వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. మా ఆయన హెచ్1బి మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. నా వర్క్ పర్మిట్ రెన్యూవల్ ఎక్కడో ఇరుక్కుపోవడంతో నేను చేస్తున్న ఉద్యోగం వదిలేయాల్సి వచ్చింది. రెజ్యూమేలో గ్యాప్ కనిపిస్తే మళ్ళీ ఎవరూ ఇంటర్వ్యూకి పిలవరని ఒక స్నేహితురాలు భయపెట్టింది. "ఏదో ఒకటి వాలంటీర్ చెయ్యవే, ఖాళీగా ఉన్నట్టు కనిపించకూడదు" అంది. ఆ వారమే లైబ్రరీ నోటీసు బోర్డు మీద ఈ కమిటీ కాగితం కనిపించింది. వెళ్ళాను. కుక్కల షెల్టర్ కాగితం ముందు కనిపించి ఉంటే కుక్కల దగ్గరికి వెళ్ళేదాన్ని.

కమిటీకి చైర్‌పర్సన్ ఒకావిడ. అరవై దాటిన మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని బట్టల్లో ఉండేది. ఏ వస్తువు చూపించినా గుండె మీద చెయ్యి వేసుకుని "పవర్‌ఫుల్" అనేది. బొత్తాం చూపిస్తే పవర్‌ఫుల్. పళ్ళు ఊడిన దువ్వెన చూపిస్తే వెరీ పవర్‌ఫుల్. శాండ్‌విచ్‌లో మయొనేజ్ ఎక్కువైనప్పుడు మాత్రం గుండె మీద చెయ్యి తీసేసి మామూలు మనిషిలా విసుక్కునేది.

నాకు ఎక్సెల్ బాగా వచ్చని తెలియగానే జాబితా పని నాకిచ్చారు. వస్తువు, దాని పొడవు వెడల్పులు, ఎవరిచ్చారు, ఎక్కడిది. ఇంతవరకే అడిగారు. చివర "ఎమోషనల్ ఇంపాక్ట్" అని ఒక కాలమ్ పెట్టి, ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేసే ఏర్పాటు చేసింది నేనే. నన్నెవరూ అడగలేదు. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ బగ్గులకి ప్రయారిటీ ఇచ్చి ఇచ్చి చేతికి అలవాటైపోయింది. అందరికీ ఎంతో నచ్చింది. మెచ్చుకున్నారు కూడా.

పక్క ఊరి నుంచి ఒకాయన తన తండ్రి బెల్టు తెచ్చాడు. నిజానికి బెల్టు కాదు, క్యాంపులో ఎక్కడో దొరికిన తోలు పట్టీ. ఆ తండ్రి సన్నబడుతున్నకొద్దీ మేకుతో కొత్త కన్నం పొడుచుకుంటూ వెళ్ళాడు. కన్నాలు లోపలికి, ఇంకా లోపలికి, మనిషి నడుము అంత ఉండటం సాధ్యమా అనిపించేదాకా ఉన్నాయి. అమెరికా వచ్చాక దానికి ఇక్కడి దుకాణంలో మెరిసే బకిల్ వేయించుకుని, పోయేదాకా అదే పెట్టుకున్నాడట. ఆ బకిల్ మావాళ్ళకి నచ్చలేదు. కొత్తగా ఉందట, ఫీల్ చెడిపోతోందట. "బకిల్ తీసేయొచ్చా?" అని మా డిజైనర్ అడిగాడు. ఆయన, "బకిల్ లేకపోతే మా నాన్న ప్యాంటు జారిపోయేది" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. ఆయన నవ్వలేదు. చివరికి ఆయనే స్క్రూడ్రైవర్ తెచ్చుకుని బకిల్ ఊడదీసి, జేబులో వేసుకుని వెళ్ళాడు. నేను షీట్‌లో మూడును నాలుగు చేశాను.

ఇలాంటివాళ్ళ దగ్గరికి మా పక్కింటావిడ సంగతి తీసుకెళ్ళింది నేను.

మావి గోడ కలిసిన టౌన్‌హోమ్‌లు. పక్క ఇంట్లో తొంభై మూడేళ్ళ ఆవిడ ఒక్కతే ఉండేది. భర్త పోయి చాలా కాలమైంది. కూతురు ఒహాయోలో. మేం దిగిన మొదటి వారమే, వాకర్ పట్టుకుని మా గరాజ్ దాకా నడిచొచ్చి, అట్టపెట్టెలు మడవకుండా రీసైక్లింగ్ డబ్బాలో కుక్కినందుకు నన్ను చీవాట్లు పెట్టింది. నేను మర్యాద కోసం "సారీ ఆంటీ" అన్నాను. మనవాళ్ళకి పెద్దవాళ్ళు ఎవరు కనిపించినా అదే నోట్లోంచి వచ్చేస్తుంది. ఆవిడ ఆగి నన్ను తేరిపార చూసింది.

"నేను ఎవరికీ ఆంటీని కాను. అలా పిలిచేవాళ్ళని ఒక్కరినీ మిగల్చలేదు" అంది.

అప్పుడు నాకు అర్థం కాలేదు. ముసలితనం చాదస్తం అనుకున్నాను. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగేవి. కానీ నా తలలో అవి తెలుగులోనే మిగిలాయి, అలాగే రాస్తున్నాను.

ఒకరోజు ఉప్మా చేసి, సంధి కుదుర్చుకుందామని గిన్నెలో పట్టుకెళ్ళాను. వంటింట్లో కూర్చోబెట్టింది. మూత తీసి చూసి, "ఇది గోధుమ రవ్వ. మా అమ్మ పాలల్లో ఉడికించి చక్కెర చల్లేది. నువ్వు ఉప్పు వేసి పాడుచేశావు" అంటూనే సొరుగు లాగి ఒక చెంచా తీసింది. సొరుగు నిండా మెరిసే స్టీలు చెంచాలున్నాయి. ఆవిడ తీసింది బూడిదరంగు చెంచా. గుంట ఒక పక్కకి వంగి, కాడ ఒక అంచు పలచగా అరిగి ఉంది. ఆ కాడతో ముందు బ్రెడ్డు ముక్క కోసింది. తరవాత దాంతోనే నా ఉప్మా మొత్తం తిని, గిన్నె గీకి, "మళ్ళీ తెచ్చినప్పుడు మిరపకాయ తగ్గించు" అంది.

చెంచా అంత వింతగా ఉందేమిటని అడిగాను. "క్యాంపులోది" అంది, "వాల్‌మార్ట్‌లోది" అన్నంత మామూలుగా.

తరవాతి మీటింగులో ఆ సంగతి చెప్పాను. నోరు జారి చెప్పలేదు. అందరూ నావైపు తిరగాలని చెప్పాను. తిరిగారు. చైర్‌పర్సన్ చెయ్యి అప్పటికే గుండె దగ్గరికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆవిణ్ణి వెంటబెట్టుకుని పక్కింటికి వెళ్ళాను. ఎంత వెతికినా సొరుగులో చెంచా కనిపించలేదు. డిష్‌వాషర్‌లో ఉంది.

"మీరు దాన్ని డిష్‌వాషర్‌లో వేస్తున్నారా?" అంది చైర్‌పర్సన్.

"మరి? మురికి చెంచాతో తినమంటావా?"

"కాదు, అది... చరిత్ర కదా!"

"పొద్దున దాంతో ఓట్‌మీల్ తిన్నాను" అంది మా పక్కింటావిడ.

చైర్‌పర్సన్ బ్యాగులోంచి తెల్లటి కాటన్ గ్లవ్స్ తీసి తొడుక్కుంది. చెంచాని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లోకి తీసుకుంది. కాడ మీద గీసిన రెండు అక్షరాలు చూసి, "ఎం, ఎల్... మీ అమ్మగారి పేరా?" అని అడిగింది, కళ్ళనిండా నీళ్ళతో. నీళ్ళు ముందే వచ్చేశాయి, జవాబు ఇంకా రాలేదు.

"కాదు" అంది మా పక్కింటావిడ. ఇంకేం చెప్పలేదు. ఎగ్జిబిషన్‌కి ఇస్తారా అని అడిగితే, ఆలోచించి రేపు ఈ అమ్మాయికి చెబుతానంది. ఈ అమ్మాయి అంటే నేను.

మర్నాడు మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే వెళ్ళాను. బల్ల మీద చెంచా మా ఇద్దరి మధ్యా పెట్టుకుని చెప్పింది. మధ్యలో ఒకసారి లేచి స్టవ్ మీది టీ కెటిల్ దించింది. గొంతు ఎక్కడా మారలేదు.

ఆవిడది హంగరీలో చిన్న ఊరు. పదమూడేళ్ళప్పుడు ఇంట్లోవాళ్ళందరితో పాటు రైల్లో ఎక్కించారు. దిగినచోట, వయసుకి మించి పొడుగ్గా ఉందని ఆవిణ్ణి పనిచేసేవాళ్ళ వరసలోకి నెట్టారు. తల్లీ ఇద్దరు చెల్లెళ్ళూ రెండో వరసలోకి వెళ్ళారు. ఆ వరస గురించి ఆవిడ అంతకుమించి మాట్లాడలేదు.

"సూప్ ఒక్క గిన్నెలో ఐదుగురికి పోసేవాళ్ళు. చెంచా లేనివాళ్ళు గిన్నె ఎత్తి రెండు గుటకలు తాగి పక్కవాళ్ళకి ఇచ్చేయాలి. మూడో గుటక తాగితే కొట్టేవాళ్ళు, జర్మన్లు కాదు, మాలో మేమే. చెంచా ఉన్నవాళ్ళకి అడుగునున్న దుంపముక్క అందేది. నా పక్కన పడుకునే ఆవిడకి చెంచా ఉండేది. ఎక్కడ సంపాదించిందో తెలియదు. కాడని రాయి మీద అరగదీసి కత్తిలా చేసుకుంది. రొట్టెని నాలుగు ముక్కలు కోసుకుని రోజంతా తినేది. నేను మొత్తం ఒకేసారి మింగేసి, ఆవిడ తింటుంటే చూసేదాన్ని. చెంచాని నడుముకి గుడ్డపేలికతో కట్టుకుని పడుకునేది. ఆవిడకి జ్వరం వచ్చింది. మూడోరోజు లేవలేకపోయింది. నేను ముడి విప్పి తీసుకున్నాను."

"ఆవిడ చనిపోయాకా?"

"అందరికీ అలాగే చెప్పాను. మా ఆయనకి కూడా, యాభై ఏళ్ళు. చనిపోయాక తీసుకున్నానని. కాదు. బతికే ఉంది. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. నా చేతులు చూసింది, నా మొహం చూసింది. ఏమీ అనలేదు. మర్నాడు సూప్ వచ్చినప్పుడు నడుము దగ్గర తడుముకుంది. నేను అటు తిరిగి కూర్చుని తిన్నాను. దుంపముక్క నాకే వచ్చింది. ఆ తరవాతి రోజు జబ్బుగా ఉన్నవాళ్ళని లారీలో ఎక్కించుకుపోయారు."

ఆవిడ పేరేమిటని అడిగాను.

"అడగలేదు. పేరు తెలిస్తే మాట్లాడాల్సి వస్తుంది. ఈ రెండు అక్షరాలే తెలుసు. ఆవిడని ఎరిగినవాళ్ళు ఈ భూమ్మీద ఇంకెవరైనా ఉన్నారో లేదో. ఆవిడకి ఒక చెంచా ఉండేదని మాత్రం నాకొక్కదానికే తెలుసు."

తరవాత వేలు చూపించి షరతు చెప్పింది. "దీనికింద ఒకటే రాయాలి. ఇది నాది కాదు. ఎం.ఎల్. అనే ఆవిడది. ఆవిడ బతికుండగా నేను దొంగిలించాను. అంతే. ఇంకొక్క మాట కలపకూడదు. రాస్తావా?"

"రాస్తాను. ప్రామిస్" అన్నాను. ఆ క్షణంలో నిజంగానే అన్నాను. క్షణాలదేముంది.

ఆ వారం మీటింగులో చదివి వినిపించాను. ఒక దంతవైద్యుడు ఉండేవాడు మా కమిటీలో, ఆయన శాండ్‌విచ్ కింద పెట్టి "ఇది కాస్త కన్ఫ్యూజింగ్‌గా ఉంది" అన్నాడు. అర్థం కానిదేముంది అందులో? దొంగతనం చేశానని ఒక మనిషి చెబుతోంది. అంతకంటే సులువైన వాక్యం మా ప్యానెళ్ళలో ఇంకొకటి లేదు.

"స్కూలు పిల్లలొస్తారు. ఒక బాధితురాలు ఇంకో బాధితురాలి దగ్గర దొంగతనం చేసిందంటే వాళ్ళేం నేర్చుకుని వెళ్తారు? మన మెసేజ్ హోప్ కదా" అంది చైర్‌పర్సన్.

"కానీ ఆవిడ షరతు పెట్టారు..." అన్నాను.

"పాపం, తొంభై మూడేళ్ళు. జ్ఞాపకాలు కలగాపులగమవుతాయి. మనం ఆవిణ్ణి ఆవిడ నుంచే కాపాడాలి."

ఆ మాటకి అందరూ తలలూపారు. పదమూడేళ్ళప్పుడు ఆవిణ్ణి కాపాడటానికి ఎవరూ రాలేదు. ఇప్పుడు, చేతులకి తెల్లటి గ్లవ్స్ తొడుక్కుని, ఏడుగురం బయల్దేరాం.

"లేబుల్ నువ్వే రాయి. నీ ఇంగ్లీషు చక్కగా ఉంటుంది" అంది చైర్‌పర్సన్ నాతో. "మొదటి ప్యానెల్ మీద 'కంటెంట్ కోఆర్డినేటర్' అని నీ పేరు వేయిస్తాను. ఉద్యోగాలకి రిఫరెన్స్ కావాలన్నా నా నంబర్ ఇచ్చుకో."

పది నిమిషాలు కూడా పట్టలేదు నాకు. 'చీకటి రోజుల్లో, చనిపోతున్న ఒక స్నేహితురాలు తన చెంచాను ఈ బాలిక చేతిలో పెట్టింది. ఆ చిన్న కానుకలో మానవత్వం బతికి ఉంది.' ఇదీ నేను రాసింది. కళ్ళు తెరిచి చూస్తూ ఉన్న మనిషి నడుము నుంచి ముడి విప్పి లాక్కున్నదాన్ని కానుక చేశాను. చైర్‌పర్సన్ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఏమందో చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను, తప్పు చేశానేమోనని.

"ఆవిడ అంత దూరం వచ్చి చదవదులే. అయినా వీళ్ళతో గొడవ నీకెందుకు? మన గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉన్నప్పుడు లేనిపోని తలనొప్పి" అన్నాడు, ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా.

లైబ్రరీ కమిటీకీ గ్రీన్‌కార్డ్‌కీ సంబంధమేమిటని నేను అడగలేదు. మా ఇళ్ళల్లో పిరికితనానికి అదొక గౌరవప్రదమైన పేరు. అందరం వాడతాం. ఆ రోజు నాకూ పనికొచ్చింది.

ఎగ్జిబిషన్ ఒక ఆదివారం మధ్యాహ్నం మొదలైంది. లైబ్రరీ హాలు నిండిపోయింది. చెంచాకి హాలు మధ్యలో అద్దాల పెట్టె, పైనుంచి సన్నటి లైటు, కింద నల్ల వెల్వెట్. ఓట్‌మీల్ తిన్న చెంచా అని గుర్తుపట్టడం నాకే కష్టమైంది. బెల్టుకి పక్కన ఒక మూల దొరికింది, బకిల్ లేకుండా వేలాడుతోంది.

మా తెలుగు వాట్సాప్ గ్రూపులో నేను ఫొటో పెట్టినందుకు ఒక జంట వచ్చారు. ఆయనది నల్గొండ వైపు, భార్యది గుంటూరు. ఇద్దరూ నేరుగా చెంచా దగ్గరికి వెళ్ళారు.

"అరే, గిసొంటి చెంచా మా నానమ్మ దగ్గర కూడ ఉండె! సేమ్ టు సేమ్!" అన్నాడాయన.

"నువ్వు ఊరుకో. లేబుల్ చదువు, ఎంత ఇన్‌స్పైరింగ్‌గా ఉందో" అని భార్య నావైపు తిరిగింది. "ఇది నువ్వే రాశావా? సూపర్ అసలు! ఉండు, ఒక సెల్ఫీ తీసుకుందాం. చెంచా కూడా పడాలి, కొంచెం పక్కకి జరుగు."

జరిగాను. నవ్వాను కూడా. ఆ ఫొటో ఇంకా ఆ గ్రూపులో ఉంది. ముప్ఫైకి పైగా చప్పట్ల బొమ్మలు పెట్టారు దానికింద.

అప్పుడే తలుపు దగ్గర వాకర్ చప్పుడైంది. మా పక్కింటావిడ ట్యాక్సీ చేసుకుని వచ్చేసింది. నన్ను తీసుకెళ్ళమని అడగలేదు, నేనూ తీసుకొస్తానని అనలేదు. నీలం స్వెటర్ వేసుకుంది, జుట్టు చక్కగా దువ్వుకుంది. జనం దారి ఇచ్చారు. చైర్‌పర్సన్ రెండు చేతులూ చాచి ఎదురెళ్ళింది. ఆవిడ ఆ చేతుల పక్కనుంచి వాకర్ నడిపించుకుంటూ నేరుగా పెట్టె దగ్గరికి వచ్చి, హ్యాండ్‌బ్యాగులోంచి భూతద్దం తీసి లేబుల్ మీద పెట్టింది.

చాలాసేపు చదివింది. రెండే వాక్యాలు. రెండుసార్లో మూడుసార్లో చదివి ఉంటుంది.

"ఎవరు రాశారిది?" అని నన్ను అడిగింది.

"కమిటీ" అన్నాను.

"కమిటీకి చేతులుంటాయా? టైప్ చేసిన చేతులెవరివి?"

నా చేతులు వెనక్కి పెట్టుకున్నాననుకుంటాను. ఆవిడ చూసింది.

"తెరువు దీన్ని" అంది.

చైర్‌పర్సన్ వచ్చి వంగి, మెల్లగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. చెంచాని అరువిచ్చినట్టు లోన్ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టారు కదా, ఎగ్జిబిషన్ అయ్యేదాకా ఇక్కడే ఉండాలి, మనం తరవాత కూర్చుని మాట్లాడుకుందాం అని.

"నేనొక ఒప్పందం మీద సంతకం పెట్టాను, మీరు ఇంకోటి రాశారు" అంది ఆవిడ, హాలంతా వినబడేలా. "ఈ చెంచాని ఒకసారి దొంగిలించాను. రెండోసారి దొంగిలించడం నాకేం కష్టం కాదు. ఈ అద్దం పగలగొట్టాలా, తెరుస్తారా?"

పెట్టె తాళంచెవి నా మెడలో ఐడీ కార్డు తాడుకే ఉంది. తెరిచాను. అది ధైర్యమని నేను చెప్పుకోను. హాల్లో అందరూ నా వైపే చూస్తున్నారు, నాకు సిగ్గేసింది, ఆ సిగ్గు తొందరగా అయిపోవాలని తెరిచాను. ఆవిడ చెంచా తీసుకుని, లైటు వెలుగులో ఒకసారి తిప్పి చూసుకుని, టిష్యూ ప్యాకెట్టూ మందుల డబ్బా ఉన్న హ్యాండ్‌బ్యాగులో పడేసుకుంది. వాకర్ వెనక్కి తిప్పింది.

అప్పుడు ఎవరో చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. ఇదంతా ప్రోగ్రామ్‌లో భాగమనుకున్నట్టున్నారు. ఒకళ్ళని చూసి ఒకళ్ళు, హాలంతా చప్పట్లు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. మా నల్గొండ ఆయన ఫోన్ ఎత్తి వీడియో తీశాడు. ఆవిడ తలుపు దాకా ఆ చప్పట్ల మధ్యే నడిచి వెళ్ళింది, ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. జీవితంలో నేను అంతమంది తెలివితక్కువవాళ్ళ మధ్య ఎప్పుడూ నిలబడలేదు. వాళ్ళందరికీ ఆ తెలివితక్కువతనం ఫ్రేము కట్టి అందించింది నేనే.

మర్నాటికల్లా ఖాళీ వెల్వెట్ మీద చెంచా ఫొటో పెద్దదిగా ప్రింట్ చేయించి పెట్టారు. ఫొటో నేను తీసిందే. లేబుల్ మార్చలేదు. తాళం తెరిచినందుకు మొదటి ప్యానెల్ మీద నా పేరు మాత్రం తెల్ల స్టిక్కర్‌తో కప్పేశారు. నేను ఇక ఆ మీటింగులకి వెళ్ళలేదు. రాజీనామా ఉత్తరం కూడా రాశాను, ఎవరూ అడగకుండానే.

రెండు వారాలు పక్కింటి తలుపు తెరుచుకోలేదు. లోపల టీవీ వినిపించేది. బెల్ కొడితే టీవీ గొంతు పెరిగేది. మూడోవారం, నేను చెత్తడబ్బా లోపలికి తోస్తుంటే, తలుపు తీసి "రా" అంది.

సోఫాలో కూర్చుని క్షమాపణ మొదలుపెట్టాను. ముందే మనసులో రాసుకుని వెళ్ళిన క్షమాపణ. రెండో వాక్యంలోనే ఆపేసింది.

"నువ్వు బాగా రాస్తావు. అదే నీ జబ్బు. ఊరుకుని నేను చెప్పింది టైప్ చెయ్యి, నాకు వేళ్ళు వణుకుతాయి."

వేరే రాష్ట్రంలో ఒక పెద్ద ఆర్కైవ్‌కి తనే ఫోన్ చేసిందట. వాళ్ళు ఫారం పంపారు. ల్యాప్‌టాప్ తెచ్చుకుని ఆవిడ చెప్పినట్టు నింపాను. వస్తువు: చెంచా. లోహం: అల్యూమినియం. సొంతదారు: తెలియదు, ఎం.ఎల్. దాత: ఆవిడ పేరు. తరవాత గడిలో, సొంతదారుకీ దాతకీ ఉన్న సంబంధం ఏమిటని అడిగారు. నేను ఆగాను.

"దొంగ" అంది.

ఆవిడ మొహంలోకి చూశాను. "టైప్ చెయ్యి. స్పెల్లింగ్ రాదా?" అంది. చేశాను. కింద ఇంకా ఖాళీ ఉంది, ఏమైనా వివరించడానికి. ఆ పదమూడేళ్ళ పిల్ల గురించి ఒక్క వాక్యం, ఆకలి గురించి ఒక్క వాక్యం రాయాలని నా వేళ్ళు మళ్ళీ లేచాయి. ఆవిడ నా మణికట్టు మీద చెయ్యి వేసి నొక్కింది. ఖాళీని ఖాళీగానే వదిలేశాం.

చెంచాని పేపర్ నాప్‌కిన్‌లో చుట్టి, పాత బిస్కట్ల డబ్బాలో పెట్టి, నా కార్లో పోస్టాఫీసుకి తీసుకెళ్ళాం. కౌంటర్ దగ్గరి ఆయన అందరినీ అడిగినట్టే అడిగాడు, పగిలేవి, కారేవి, పాడయ్యేవి, ప్రమాదకరమైనవి ఏమన్నా ఉన్నాయా అని. "లేవు" అంది ఆవిడ. రసీదు తీసుకుని, తిరిగి వచ్చేటప్పుడు కారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఒక్కసారి మాత్రం చేత్తో తన నడుము దగ్గర తడుముకుంది. నేను రోడ్డు వైపు తిరిగాను.

నెలరోజులకి ఆర్కైవ్ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఆ గడిలో ఉన్న మాట పొరపాటున పడిందా, కావాలని రాశారా అని అడిగింది. కావాలనే అని చెప్పింది మా పక్కింటావిడ. "సరేనండీ, మీరు రాసినట్టే ఉంచుతాం" అని పెట్టేసిందట ఆ అమ్మాయి. ఎక్కడా ఏడవలేదట, ఏ విశేషణమూ వాడలేదట. "ఆ పిల్లకి బుద్ధుంది" అంది మా పక్కింటావిడ. నేను ఎరిగినంతలో ఆవిడ ఒక మనిషిని మెచ్చుకోవడం అదొక్కసారే.

ఆ ఏడు ఆకులు రాలే కాలంలో కూతురు వచ్చి ఆవిణ్ణి ఒహాయో తీసుకెళ్ళిపోయింది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తే ఎత్తుతుంది. అక్కడి తిండి బాగాలేదని, కూతురు తనని చిన్నపిల్లలా చూస్తోందని తిడుతుంది. ఆ ఇంట్లోకి ఇప్పుడు ఎవరో కుర్ర జంట వచ్చారు, అట్టపెట్టెలు మడవరు.

కమిటీ మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఎగ్జిబిషన్‌కి మంచి పేరొచ్చి, ఆ ప్యానెళ్ళని ఇప్పుడు చుట్టుపక్కల స్కూళ్ళకి తిప్పుతున్నారు. వాటిలో చెంచా ఫొటో ఉంది, దానికింద నేను రాసిన రెండు వాక్యాలూ ఉన్నాయి. తీసేయమని రెండుసార్లు మెయిల్ పెట్టాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి చైర్‌పర్సన్ రాసింది, పిల్లలు ఆ లేబుల్ దగ్గరే ఎక్కువసేపు నిలబడుతున్నారట, కొందరు నోట్‌బుక్కుల్లోకి ఎక్కించుకుంటున్నారట, అంత మంచి వాక్యాలు ఎందుకు తీసేయాలి అని.

ఎక్కించుకునే పిల్లల్లో మనవాళ్ళ పిల్లలు కూడా ఉంటారు. వాళ్ళ అమ్మానాన్నలైనా తెలుగులో ఇది చదువుతారని రాస్తున్నాను. ఎవరూ ఎవరికీ ఏ కానుకా ఇవ్వలేదు. ఎం.ఎల్. అనే ఆవిడ బతికుండగా ఆవిడ చెంచాని ఒక ఆకలిగొన్న పిల్ల దొంగిలించింది. ఆ లేబుల్ అబద్ధం. దాన్ని రాసింది నేను.